పిచ్చుక రెక్క అతికిన చెయ్యి

1946 నవంబరు 24, ఆదివారం

చిరంజీవి గెర్విన్‌కు, మీ నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మ, నేను, ఒక కుంటి బాతు క్షేమంగా ఉన్నాం. బాతు క్షేమం క్రిస్మస్ వరకే అని మీ అమ్మ అంటోంది గానీ, ఆమె దానితో మాట్లాడే తీరు చూస్తే ఈ ఏడు కూడా పండగ భోజనం బంగాళాదుంప ముద్దలేనని నాకు అర్థమైపోయింది. నువ్వు అక్కడ ఇంగ్లీషువాళ్ళ క్యాంపులో ఖైదీగా ఉన్నా క్షేమమని అక్టోబరు ఉత్తరంలో చదివి దేవుడికి దండం పెట్టుకున్నాం. ఆ ఉత్తరం మీ అమ్మ ఏప్రన్ జేబులో కాపురం ఉంటోంది. మడతల దగ్గర చిరిగిపోతే పిండి జిగురుతో రెండుసార్లు అతికి ఇచ్చాను.

ఈ రోజు చనిపోయినవాళ్ళను తలుచుకునే ఆదివారం. మీ అమ్మ ఫర్ చెట్టు కొమ్మల దండ పట్టుకుని మీ తాత సమాధి దగ్గరికి బయలుదేరుతూ నన్నూ రమ్మంది. గెర్విన్‌కి ఉత్తరం రాయాలి అన్నాను. "మూడు వారాలుగా అదే మాట. కాగితం మాత్రం తెల్లగానే ఉంటోంది. ఈ పూట నువ్వు రాయకపోతే నేను రాస్తా, ఏం రాస్తానో ఆ తర్వాత ఏడుద్దువుగాని" అని తలుపు ధడాలున వేసి పోయింది. అందుకని కూర్చున్నాను. రాయడానికి బద్ధకం కాదురా. ఎందుకు రాయలేకపోయానో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి మెట్లు ఎక్కేటప్పుడు ఉంటుంది, పక్కింటికి కబుర్లకు వెళ్ళేటప్పుడు ఉండదు. వర్క్‌షాపులో చిత్రిక మిషను ఉందా అని అడిగావు. లేదు. అది, రంపం మిషను, పెద్ద ప్రెస్సు, అన్నీ రష్యా సైన్యం పుణ్యమా అని వేసవిలో రైలెక్కి రష్యా వెళ్ళిపోయాయి. మీ తాత ఉలులూ, చేతి చిత్రికలూ మాత్రం మిగిలాయి, వాటిని ఎవరూ అడగలేదు. చేతితో చేస్తుంటే పని నెమ్మది, నడుము నొప్పి, కానీ నిద్ర బాగా పడుతోంది. ఈ మధ్య శవపేటికల కంటే కిటికీ తలుపులు ఎక్కువ అడుగుతున్నారు. మంచి రోజులు వస్తున్నాయనడానికి ఇంతకంటే గుర్తు వడ్రంగికి అక్కర్లేదు.

నువ్వు పని చేసే పొలంలో ఆ రైతు భార్య పొద్దున్నే నీకు పాలు పోసి ఇస్తోందని రాశావు. ఆమె ఇంట్లో ఎవరు తిరిగి రాలేదో నువ్వు రాయలేదు, నేనూ అడగను. ఆమెకోసం పియర్ చెక్కతో ఒక గరిట చెక్కాను. పార్సెల్ పంపనిచ్చే రోజున పంపుతాను. అందాకా ఆమెకు మా నమస్కారం చెప్పు. శత్రువు బిడ్డకు పాలు పోసే చెయ్యి గురించి మీ అమ్మ రోజూ ప్రార్థనలో చెబుతోంది, పేరు తెలియదు కాబట్టి "ఆ పాల తల్లి" అని చెబుతోంది.

ఇక నీ మూడో ప్రశ్న. నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "నాన్నా, డెన్మార్క్ సరిహద్దు దగ్గర ఎయిర్‌ఫీల్డులో నాకిచ్చిన పిచ్చుక విమానానికి రెక్క అడుగున చిన్న తనిఖీ మూత ఉండేది. మెకానిక్ దాన్ని తీసినప్పుడు లోపల దూలం మీద, వడ్రంగులు ముక్కలు కలపడానికి గుర్తుగా గీసే పెన్సిలు త్రికోణం కనబడింది. కుడి మూలన తోక ఉంది. ఆ తోక మన ఇంట్లో తప్ప ఎవరూ గీయరు కదా. అది నీ రెక్కేనా? ఎక్కే ముందు ప్రతిసారీ ఆ మూత మీద చెయ్యి పెట్టేవాణ్ణి. నాన్న అతికింది ఊడదు అనుకునేవాణ్ణి. ఏడుసార్లు ఎగిరాను, ఏడుసార్లూ దిగాను. ఒక్క తూటా కూడా పేల్చలేదు. నీకు థాంక్స్ చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది."

ఇది మీ అమ్మ పైకి చదివింది. చదివి నా కుడి చెయ్యి పట్టుకుని బుగ్గకు ఆనించుకుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ చేతికి అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు. ఆ పూట నేను భోజనం ముట్టలేకపోయాను. సంతోషంతో ఆకలి మరిచిపోయాను అనుకుంది పాపం.

అది మన వర్క్‌షాపు రెక్కే. త్రికోణం నేను గీసిందే. మిగతాది మొదటినుంచి చెబుతాను. నువ్వు దాన్ని నడిపావు, దాని బుద్ధి నాకంటే నీకే తెలుసు. దాని పుట్టుక మాత్రం నీకు తెలియదు.

1944 సెప్టెంబరులో బెర్లిన్‌లో పెద్దవాళ్ళు కూర్చుని ఒక కొత్త ఫైటర్ కావాలి అనుకున్నారు. జెట్ ఇంజను ఉండాలి, చవకగా ఉండాలి, అల్యూమినియం దొరకదు కాబట్టి వీలైనంత చెక్కతో కావాలి, కాగితం మీది బొమ్మ నుంచి ఆకాశంలోకి తొంభై రోజుల్లో వెళ్ళాలి. మన ఊళ్ళో పెళ్ళికూతురి బీరువాకి నేను ఆరు నెలల గడువు అడుగుతాను. ఇంజను ఎక్కడ పెట్టాలో ఆలోచించే తీరిక లేక తీసుకెళ్ళి వీపు మీద కట్టేశారు. కాగితాల్లో దాని పేరు ప్రజల ఫైటర్, నంబరు నూట అరవై రెండు. గీసినవాళ్ళు ముద్దుగా పిచ్చుక అన్నారు, మేమూ అదే అన్నాం. అక్టోబరులో మన వర్క్‌షాపులో చేస్తున్న బడి బల్లలు పక్కకు తోయించి రెక్కల పని పెట్టారు. దూలాలు, పక్కటెముకలు, వాటి మీద ప్లైవుడ్ తొడుగు. ఎవరికీ చెప్పకూడదని సంతకాలు తీసుకున్నారు, అందుకే నీకు ఒక్క ముక్క రాయలేదు.

పనిమీద నిఘాకి ప్లాట్నర్ అనే ఇన్‌స్పెక్టరును మన నెత్తిన కూర్చోబెట్టారు. అతను మొదటి రోజే గర్వంగా చెప్పాడు. "దీన్ని నడపడానికి పండిపోయిన పైలట్లు అక్కర్లేదు మేస్త్రీ. గ్లైడర్ క్లబ్బు కుర్రాళ్ళు చాలు, నాలుగు వారాల్లో తయారుచేస్తాం." నువ్వూ ఇంజను లేని విమానాల ఆ గ్లైడర్ క్లబ్బు నుంచే వైమానిక దళానికి వెళ్ళినవాడివి. బయటికి మాత్రం "చిత్తం" అన్నాను.

డిసెంబరు ఆరున మొదటి పిచ్చుక ఎగిరింది. గాలిలోనే చక్రాల అరకు పెట్టిన చెక్క తలుపు ఊడిపోయింది, అయినా దిగింది. ఆగి చూసుకోవాలి కదా. నాలుగు రోజులకే పెద్ద అధికారులను పిలిచి వాళ్ళముందు మళ్ళీ ఎగరేశారు. వేగంగా వస్తుంటే రెక్క కుడివైపు ముందంచు చీలిపోయింది. పైలట్ అక్కడే పోయాడు. అది మన రెక్క కాదు, మనవి అప్పటికి గుమ్మం దాటలేదు. రెక్కలు ఇంకా బలంగా చేయమన్నారు, విమానం గాలిలో తూలుతోందని రెక్క కొసలు కిందికి వంచారు. కానీ అసలు రోగం జిగురు. మొదట్లో అనుకున్న మంచి జిగురు తయారయ్యే ఫ్యాక్టరీ బాంబులకు కాలిపోయింది. దాని బదులు డబ్బాల్లో కొత్త జిగురు పంపారు. ఒక చెక్కకు జిగురు పూసి, రెండో చెక్కకు యాసిడ్ పూసి, రెండూ కలిపి బిగించాలి.

ఇప్పుడు నా సంగతి. డిసెంబరు మొదటి వారంలో వర్క్‌షాపులో నీళ్ళు గడ్డకట్టే చలి. కొత్త జిగురు బెల్లం పాకంలా బిగుసుకుపోయి బ్రష్షుకు అంటేది కాదు. నీకు తెలుసు, మన ఇంట్లో జిగురంటే ఎముకలూ తోళ్ళూ ఉడికించి తీసేది, ఎప్పుడూ వేడినీళ్ళ గిన్నెలో కూర్చుని ఉండాలి. చల్లారిన జిగురు ముట్టుకుంటే మీ తాత వేళ్ళమీద కొట్టేవాడు. నేనూ కొత్త డబ్బాను తీసుకెళ్ళి పొయ్యి మీద వేడినీళ్ళలో కూర్చోబెట్టాను. డబ్బాతో వచ్చిన కాగితం చదివాను, కానీ జిగురు సంగతి కాగితం నాకు చెప్పడమేమిటి అనుకున్నాను. వేడి తగలగానే వెన్నలా పరుచుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మన దగ్గర అప్పటికి ఆరుగురు ఇటాలియన్లు ఉన్నారు. వాళ్ళ దేశం యుద్ధం మానేస్తే మనవాళ్ళు సిపాయిలను పట్టి తెచ్చి, తర్వాత కాగితాల మీద 'కార్మికులు' అని పేరు మార్చారు. వాళ్ళ షెడ్డు తాళం మాత్రం మారలేదు. వాళ్ళలో ఒకడు అంబ్రోజో తెత్తమంతి, కాంతూ ఊరివాడు, నలభై ఏళ్ళుంటాయి. అక్కడ ఊరంతా వడ్రంగులేనట. అలాంటివాడి చేతికి నేను చీపురు ఇచ్చాను. అతను నా పొయ్యి దగ్గర ఊడుస్తూ ఆగాడు.

"మేస్త్రీ, ఈ జిగురు వేడి పెడుతున్నారా?"

"నలభై ఏళ్ళుగా పెడుతున్నా. నీ పని నువ్వు చూసుకో."

"ఇది ఎముకల జిగురు కాదు మేస్త్రీ. వేడి చేస్తే డబ్బాలోనే ముసలిదైపోద్ది. చెక్క మీదికొచ్చేసరికి పట్టుకునే ఓపిక ఉండదు దానికి. చెక్కని వెచ్చబెట్టాలి, జిగురుని కాదు."

"మీ ఊళ్ళో చీపురు పట్టినోళ్ళంతా ఇలాగే ఉపన్యాసాలిస్తారా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "మా ఊళ్ళో చీపురు కూడా వడ్రంగే పడతాడు మేస్త్రీ" అని ఊడ్చుకుంటూ పోయాడు.

ఆ వారం మూడు రెక్కలు అతికాం. పిచ్చుకకు ఈ కొస నుంచి ఆ కొస దాకా రెక్క ఒకటే ముక్క, కాబట్టి మూడు విమానాలకన్నమాట. ప్రతి రెక్కతో పాటు అదే జిగురుతో రెండు బద్దలు అతికి పక్కన పెట్టాలి, ఆరాక వాటిని విరిచి చూడాలి, ఆ తర్వాతే ముద్ర. ప్లాట్నర్‌కు తొంభై రోజుల గడువు మీద ధ్యాస. బద్దలు విరవకుండానే ముద్ర కొట్టేశాడు. నేను సంతకం పెట్టాను.

పైలట్ పోయిన వార్త లారీ డ్రైవరు ద్వారా మనదాకా వచ్చిన రోజు మధ్యాహ్నం అంబ్రోజో నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో నా బద్ద ఒకటి ఉంది. దాన్ని మోకాలికి ఆనించి విరిచాడు. బాగా అతికిన బద్ద విరిస్తే చెక్క చీలాలి, అతుకు చెక్కు చెదరకూడదు. ఇది అతుకు దగ్గర పలక మీంచి పలక జారినట్టు విడిపోయింది. రెండు ముఖాలూ నున్నగా మెరుస్తున్నాయి.

"ఎన్ని, మేస్త్రీ?"

"మూడు. ముద్ర పడిపోయింది. ఇప్పుడు చెబితే విద్రోహం అంటారు. పక్క ఊరి ఫోర్‌మన్‌ని ఇంతకంటే చిన్న తప్పుకే తీసుకెళ్ళారు."

నాకు ఏడుపొచ్చింది. "నాకు కొడుకున్నాడు. గ్లైడర్ క్లబ్బు వాడు. పంతొమ్మిదేళ్ళు" అన్నాను.

"ఏ రెక్క ఎవరి కొడుక్కి పోతుందో చెక్కకి తెలీదు కదా మేస్త్రీ. మూడూ విప్పుదాం."

"నీకెందుకయ్యా? ఇది నిన్ను తాళంలో పెట్టినోళ్ళ విమానం. కూలిపోతే నీకే మంచిది."

"అసలు ఎగరకపోతే ఇంకా మంచిది. కానీ ఎగరేస్తారు. లోపల ఎవడో కుర్రాడు కూర్చుంటాడు. ఈ ముక్క ఇరిగింది నా మోకాలి మీద. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆణ్ణి నేనే తోసినట్టు."

పగటిపూట సైరన్ మోగితే మేమంతా బీరు ఫ్యాక్టరీ సెల్లారులోకి దిగేవాళ్ళం. విదేశీయులకు అందులో చోటు లేదు, అది రూలు. ఆ రూలు రాసినవాళ్ళలో నేను లేను, పాటించినవాళ్ళలో ఉన్నాను. సెల్లారులో ప్లాట్నర్ తలలు లెక్కపెట్టేవాడు కాబట్టి నేను పైన ఉండే వీలు లేదు. మిగతా ఇటాలియన్లు వాళ్ళ షెడ్డుకు పరిగెత్తితే, ఆ గంట, గంటన్నర అంబ్రోజో ఒక్కడే వర్క్‌షాపులో ఉండేవాడు. పైన విమానాలు పోతుంటే తొడుగు ఊడదీసి, పాత జిగురు గీకి, పొయ్యి దగ్గర కాచిన ఇటుకలతో చెక్కను వెచ్చబెట్టి, చల్లని జిగురుతో మళ్ళీ అతికేవాడు. నేను చేసింది తొడుగు చెక్కలు ముందే కోసి పెట్టడం, డబ్బాలు దాచి పెట్టడం, నా రొట్టెలో సగం ఇవ్వడం. దాన్ని సాయం అనుకుని అప్పట్లో నాకు నేను గొప్పగా చెప్పుకున్నాను. జనవరి సగానికి రెండు రెక్కలు పూర్తయ్యాయి. కొత్త బద్దలు మేమిద్దరం విరిచి చూశాం. చెక్కే చీలింది. నా త్రికోణం కదలకుండా అలాగే ఉంది.

మూడో రెక్క విప్పిన రోజున ప్లాట్నర్ వర్క్‌షాపులో సిగరెట్లు మరిచిపోయానని సైరన్ ఆగకముందే పైకి వెళ్ళాడు. వెనకే నన్నూ రమ్మన్నాడు. వెళ్ళేసరికి ముద్ర పడిన రెక్కలో అంబ్రోజో ఉలి దించి ఉన్నాడు.

ప్లాట్నర్ నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇది నువ్వు చెప్పిన పనేనా?"

గెర్విన్, నేను మూడు వారాలుగా రాయలేకపోయిన మాట ఇదే. నేను "నాకు తెలియదు" అన్నాను.

అంబ్రోజో నా వైపు చూడను కూడా చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని. వచ్చీరాని జర్మన్‌లో, చేతులు తిప్పుతూ, పిచ్చివాడిలా నవ్వుతూ చెప్పాడు. "ఆకలి సార్. లోపల ఎవరో రొట్టె దాచారని మావాళ్ళు చెప్పారు. ఎతుకుతున్నా."

దొంగకు క్వారీ, విద్రోహికి ఉరి. అది అతనికి తెలుసు. విద్రోహం అని తేలితే విచారణ జరుగుతుంది, విచారణ జరిగితే నా సంతకం బయటపడుతుంది, అదీ తెలుసు. ప్లాట్నర్ ముద్ర కూడా దానిమీదే ఉంది కాబట్టి అతనికీ దొంగతనమే నచ్చింది. రెక్కను ముక్కలు కొట్టించి పొయ్యిలో వేయించేశాడు. అంబ్రోజోను శిక్షకు క్వారీకి పంపించారు. నా ముందునుంచే తీసుకెళ్ళారు. నేను ఒక్క అడుగు ముందుకు వేసి ఉండవచ్చు. వేయలేదు. భయమేసింది. నువ్వు, మీ అమ్మ గుర్తొచ్చారని చెప్పుకోవచ్చు, కానీ ఆ క్షణంలో గుర్తొచ్చింది నా మెడే.

కాబట్టి నువ్వు ఎక్కే ముందు తాకిన రెక్క నేను అతికింది కాదు. గీత నాది. నేను అతికిందే అయితే నువ్వు మొదటిసారే దిగి ఉండేవాడివి కాదు. నిన్ను ఏడుసార్లు నేల మీదికి దింపింది నేను చీపురు ఇచ్చి నవ్వులపాలు చేసిన మనిషి. నీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు రోజూ రెండు జరుగుతున్నాయి. సిగ్గుతో లేస్తాను, తర్వాత నువ్వు బతికున్నావని గుర్తొస్తుంది, ఆ మనిషికి మనసులో దండం పెట్టుకుని పనిలోకి దిగుతాను. సిగ్గు తగ్గలేదు గానీ దండం మాత్రం రోజురోజుకూ పెద్దదవుతోంది. ఇంత కృతజ్ఞత ఒక మనిషిలో పట్టగలదని నాకు ఇదివరకు తెలియదు.

యుద్ధం అయ్యాక క్వారీకి వెళ్ళి అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. ఈ వసంతంలో బయటి దేశాలకు పోస్టు మొదలవగానే కాంతూ చర్చి ఫాదరుకు ఉత్తరం రాశాను. అలాంటి మనిషి ఉంటే చెప్పండి, లేకపోతే ఆయన భార్య చిరునామా ఇవ్వండి అని. అక్టోబరు ఆఖరున జవాబు వచ్చింది. నీ ఉత్తరం వచ్చిన వారంలోనే. ఫాదరు రాయలేదు, అంబ్రోజోనే రాశాడు, మన వర్క్‌షాపులో నేర్చుకున్న జర్మన్‌లో. ఇంగ్లీషు ఆఫీసరు గారు ఈ ఉత్తరం తెరిచి చదువుతారు కాబట్టి ఆయన కూడా వినాలి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"మేస్త్రీ, బతికే ఉన్నా. ఇంటికి చేరా. ఎడమ చేతి రెండు వేళ్ళు క్వారీలో పోయాయి, చిత్రిక పట్టడానికి ఇబ్బంది లేదు. మీరు క్షమించమని రాశారు. ఆ రోజు మీరు నోరు విప్పుంటే ఇద్దరం పోయేవాళ్ళం, ఆ సంగతి వదిలెయ్యండి. నాకు ఒకటే చెప్పండి. రోజూ అనుకుంటా, ఎవరినడగాలో తెలీదు. ఆ రెండు రెక్కలూ నిలిచాయా? లోపలి పిల్లలు దిగారా?"

ఆయన వదిలెయ్యమన్నాడు. నేను వదల్లేను, అది నాతోనే ఉంటుంది. ఈ ఉత్తరం నేను అతికించను. టేబుల్ మీద విప్పి పెడతాను. మీ అమ్మ వచ్చి చదివి, తన చేత్తో కవరు మూసి పోస్టు చేస్తుంది. కాబట్టి ఇది నీకు అందిందంటే ఆమెకూ తెలిసిందని అర్థం. ఆమె ఏమంటుందో నాకు తెలియదు.

నిన్ను ఒకటే అడుగుతున్నాను. ఒక రెక్క నిన్ను దింపిందని నేను రాయగలను, కానీ అది నేను రాయకూడని జవాబు. రెండో రెక్క ఎవరికిచ్చారో నీతో ఉన్నవాళ్ళను అడిగి చూడు, తెలియకపోతే తెలియదనే రాయి. ఆయన చిరునామా వేరే చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. మీకు నెలకు ఇన్నే ఉత్తరాలని లెక్క ఉందని తెలుసు. ఈ నెల మాకు రాయకు. ఆ ఉత్తరం ఆయనకు రాయి. నీ పేరు, నీ వయసు, "దిగాను" అన్న మాట, ఆ మూడూ నీ చేతిరాతలో వెళ్ళాలి.

ఇట్లు,
నీ థాంక్స్ తనది కాదని తెలిసీ మూడు వారాలు జేబులో పెట్టుకు తిరిగిన
మీ నాన్న